రెండో సైరన్

మొన్న మా ఊళ్లో కొత్త ఆరోగ్య కేంద్రానికి రిబ్బన్ కత్తిరించారు. రిటైరైన పంతులునని నన్నూ పిలిచి శాలువా కప్పారు. "వైద్యం మీ గడపలోకే వచ్చింది" అని నాయకుడు మైకులో అంటుండగానే ఓపెన్‌కాస్టు గని సైరన్ మోగింది. ఆయన ఉలిక్కిపడ్డాడు, మేమెవరమూ కదల్లేదు. బొగ్గు కోసం రాళ్లు పేల్చే బ్లాస్టింగ్‌కు ముందు ఒక సైరన్, అయ్యాక ఒకటి. ఆ రెండింటి మధ్య గని దారిన పోకూడదని మా ఊరి పసిపిల్లలకూ తెలుసు. నాకు మాత్రం మా మేనత్త గుర్తొచ్చి, ఆ శాలువా తీసి ఆయన మొహాన కొట్టాలనిపించింది.

మేనత్త ఇంట్లో గడియారం లేదు. మొదటి సైరన్‌కు పచ్చడి జాడీలు అలమర నుంచి కిందికి దించేది, రెండోది మోగాక మళ్లీ పైకెక్కించేది. "బొగ్గు వాళ్లకు, అదురుడు మనకు" అని నవ్వేది. ఒక వానాకాలం పత్తిచేలో ఆమెను పాము కరిచింది. మండల దవాఖానకు తీసుకెళితే డాక్టరు లేడు, పాము కాటు మందూ లేదు. పాము కరిస్తే వెంటనే దవాఖానకు రమ్మని గోడ మీద బోర్డు మాత్రం ఉంది.

మా వాడకట్టులో ఆటో నడిపే కాక, పెద్ద దవాఖాన ఉన్న గోదావరిఖని వైపు బండి తిప్పాడు. గని దగ్గరికి రాగానే సైరన్ మోగింది. దారి ఆపే ఎర్రజెండా మనిషి చెయ్యెత్తక ముందే కాక ఆటో ఆపేశాడు.

"పోనియ్ కాకా!" అని అరిచాను.

"సైరన్ అయినంక ఎట్ల పోత బిడ్డా? రాళ్లు పడ్తయి."

రెప్పలు వాలిపోతున్న మేనత్త కూడా అదే మాట అంది. "ఆగుండ్రి అల్లుడా... జాడీలు దించిన్రా?"

ఆగాం. పేలుడు వినబడలేదు, రెండో సైరన్ మోగలేదు. చాలాసేపటికి గని లోపలి నుంచి మోటారు సైకిల్ మీద ఒకడొచ్చాడు. "గనిల నీళ్లొచ్చినయని బ్లాస్టింగ్ ఎప్పుడో ఆపిన్రు. మీకెవలు చెప్పలే?" అన్నాడు. ఆగమని మాకు ఇన్నేళ్లు నేర్పినవాళ్లు, ఇక పొమ్మని చెప్పడం మరిచిపోయారు! పెద్ద దవాఖానలో మందుంది. అప్పటికి మేనత్త లేదు. పాము విషం అని వాళ్లు రాసుకున్నారు. పామునొక్కదాన్నే ఎందుకంటారని నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

మొన్న నాయకుడి కార్లు వెళ్లగానే కొత్త కేంద్రానికి తాళం పడింది. నర్సు ఎప్పుడొస్తుందని తాళం వేసినవాణ్ణి అడిగాను.

"పోస్టింగ్ కావాలె సార్. జర ఆగుండ్రి."

గనిలో రెండో సైరన్ మోగింది. మా ఊరి కాలం మాత్రం ఇంకా ఆ ఎర్రజెండా దగ్గరే ఆగి ఉంది.