పక్క కొట్టు నుంచి తెచ్చిన తాత

కాలేజీకి పుస్తకాలు మరచిపోయి వెళ్ళినవాళ్ళున్నారు, చెప్పులు తారుమారు చేసుకుని వెళ్ళినవాళ్ళున్నారు. నాది కాని తాతని వెంటబెట్టుకుని వెళ్ళిన ఘనత మాత్రం నాకొక్కదానికే దక్కింది. ఆ పూట నా పరువు ఎంత చవగ్గా అమ్ముడుపోయిందో చెబుతాను. హాయిగా నవ్వుకోండి. మా కొట్టుకి వచ్చినప్పుడు మాత్రం ఆ సంగతి ఎత్తకండి. నాన్నకి ఇప్పటికీ సగమే తెలుసు.

భిలాయిలో పవర్ హౌస్ మార్కెట్లో మాదొక మ్యాచింగ్ సెంటర్. చీరల మీదికి జాకెట్టు గుడ్డలు, ఫాల్సులు, లంగాలు. నేను నడక నేర్చింది తానుల మధ్య, మాటలు నేర్చింది బేరాల మధ్య. అఆల కంటే ముందు నాన్న నేర్పిన శాస్త్రం ఒక్కటే: కొట్టుకి వచ్చిన మనిషితో "లేదు" అనకూడదు.

"లేదంటే ఎల్లిపోతాది. రేపొస్తాదంటే రేపు మళ్ళీ వొస్తాది," అనేవాడు.

రంగు దొరక్కపోతే, "కూర్చోండమ్మా, గోడౌన్ నుంచి తెప్పిస్తాను," అని నన్ను పరిగెత్తించేవాడు. మాకు గోడౌన్ లేదు. వరసలో నాలుగో కొట్టే మా గోడౌన్.

ఈ చదువుతో వెళ్ళి డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరాను. మా హిందీ మేడమ్ ఒక అసైన్‌మెంటు ఇచ్చారు. ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడిగి, వాళ్ళు భిలాయి వచ్చిన కథ రాయాలి. మేడమ్ మాట్లాడేది హిందీలోనే, మీకు తెలుగులో చెబుతున్నాను: "కల్పించి రాస్తే సున్నా. సున్నా వచ్చినవాళ్ళు పరీక్ష హాలు గడప తొక్కరు."

నా కష్టం కూడా వినండి. భిలాయిలో తాత అంటే స్టీల్ ప్లాంటు తాత. క్లాసులో ఒకరి తాత బ్లాస్ట్ ఫర్నేస్, ఒకరి తాత రోలింగ్ మిల్లు, ఇంకొకరి తాత ఏకంగా ఆఫీసరు. మా సూరన్న తాత సైకిలుకి గుడ్డల మూట కట్టుకుని క్వార్టర్ల వెంట తిరిగి అమ్మినవాడు. నేను పుట్టకముందే పోయాడు. నాన్నని అడిగితే రెండు పేజీలకి సరిపడా చెప్పేవాడే. కానీ పెళ్ళిళ్ళ సీజను, అడిగే తీరిక లేదు. అసలు నిజం ఏమిటంటే, మూటల తాత నా కంటికి పాత స్టాకులా కనిపించాడు.

అందుకని కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని, ఒక బేరానికీ ఇంకో బేరానికీ మధ్య కొత్త తాతని కుట్టేశాను. ఈయన బతికే ఉన్నాడు. విజయనగరం నుంచి వచ్చిన బ్లాస్ట్ ఫర్నేస్ వీరుడు. ఒకరోజు ఇనుము మరిగే ఆ ఫర్నేసుకి చిల్లు పడితే, అందరూ పారిపోతుంటే, ఈయన తలపాగా విప్పి ఆ చిల్లులో కుక్కాడు. అబద్ధమాడినా మ్యాచింగ్ కుదరాలి కదా. కాలిన మచ్చ ఒకటి అరచేతిలో పెట్టాను.

ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. అక్కడితో ఆగి ఉంటే నేనివాళ గర్వంగా బతుకుతూ ఉండేదాన్ని.

"సరళా, మీ తాతగారిని ఒకసారి క్లాసుకి తీసుకురాగలవా? ఇదంతా పిల్లలు ఆయన నోట వినాలి," అన్నారు మేడమ్.

ఒంట్లో బాగాలేదు అంటే పోయేది. ఊరెళ్ళాడు అన్నా పోయేది. కానీ నా నోటికి పద్దెనిమిదేళ్ళుగా అలవాటైన దారి ఒక్కటే.

"ఉన్నారు మేడమ్. రేపు వస్తారు."

సరుకు లేనప్పుడు ఏం చేయాలో నాకు కొత్త కాదు. పక్క కొట్టుకి పరిగెత్తాను. మా పక్కది కుక్కర్లు బాగుచేసే కొట్టు. దాని ముందు రోజూ మధ్యాహ్నం కుర్చీ వేసుకుని అప్పలస్వామి తాత కూర్చునేవాడు. ప్లాంటులో కోక్ ఓవెన్ దగ్గర పనిచేసి రిటైరైనవాడు. కొట్టు కొడుకుది, కుర్చీ ఆయనది.

నేను రాసింది చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"తలపాగా పెట్టి మూసినాడా?"

"మూశాడు తాతా."

"తలపాగా కాదే గుంటా, మనిషిని మనిషినే కుక్కినా బూడిదే మిగుల్తాది. అయితే ఏటంటావిప్పుడు?"

"రేపు ఒక్క గంట నువ్వు ఆ తాతవి."

"మరి మీ సూరన్న తాతకేటైంది?"

"ఆయన ప్లాంటులో చెయ్యలేదు కదా తాతా."

ఆయన కుర్చీ నావైపు తిప్పుకున్నాడు. తర్వాత బేరానికి దిగాడు.

"మా ముసల్దానికి సిలకపచ్చ సీర ఒకటుంది. దాని మీదికి జాకిట్టు గుడ్డ కావాల. మూడేళ్ళుగా మీ నాన్న రేపొస్తాది, రేపొస్తాది అంటన్నాడు. ఆ రేపు నువ్వట్టుకురా, రేపు నేనొస్తాను."

"గుడ్డ ఇస్తాను, ఫాల్ నువ్వు కొనుక్కో," అన్నాను. తాతలు కరువైన పూట కూడా నా బుద్ధి అదే.

మర్నాడు తెల్ల చొక్కా, చంకలో గొడుగు, నున్నగా దువ్విన తల. క్లాసంతా లేచి నిలబడింది. మేడమ్ ఆయనకి తన కుర్చీ ఇచ్చి, "దాదాజీ, ఈ ఊరు వచ్చిన కొత్తలో ఎలా ఉండేది?" అని అడిగారు. నేను ముందు బెంచీలో కూర్చుని తల మీద చెయ్యి తిప్పి సైగ చేశాను. తలపాగా అని.

ఆయన నావైపు చూడలేదు. సగం హిందీ, సగం శ్రీకాకుళం కలిపి మొదలుపెట్టాడు.

"ఎలాగుంటాది మేడమ్‌జీ. ఏడుపొచ్చేది. ఎనిమిది మందిమి ఒక గదిలో. ఒక్కడికీ అచ్చరం ముక్క రాదు. ఆదివారం ఆదివారం సైకిలు మీద గుడ్డల మూటతో ఒకాయనొచ్చేవోడు. ముందు గుడ్డలమ్మేవోడు. పైసా తగ్గనిచ్చేవోడు కాదు. మూట కట్టేసినాక అరుగు మీద కూకుని మా అందరికీ ఇంటికి ఉత్తరాలు రాసిపెట్టేవోడు. దానికి ఏటీ పుచ్చుకునేవోడు కాదు."

నా చెయ్యి తల మీదే ఆగిపోయింది.

"ఓపాలి నేను రాయమన్నాను. అమ్మా, ఇది ఊరు కాదు, అగ్గి. నేనుండలేను, వొచ్చెత్తన్నాను, అని. ఆయన రాసినాడు. నెల్లాళ్ళకి జవాబొచ్చింది. సలి బాద లేకపోతే మంచిదే నాయినా, దసరాకి తప్పకుండా రా, అని ఉందందులో. నేనేటి సెప్పినాను, నువ్వేటి రాసినావని కొట్లాటకెళ్ళినాను."

"ఆయన ఏమన్నాడు?" అన్నారు మేడమ్.

"నువ్వు సెప్పింది రాస్తే మీయమ్మకి కూడు సయించదు. దసరా దాకా ఉండు, అప్పటికీ ఎల్లాలనుంటే టికెట్టు నేనే కొంటానన్నాడు. దసరాకి ఎల్లినాను, తిరిగొచ్చినాను. ముప్పయ్యారేళ్ళు సేసినాను. ఆ జవాబు సదివింది కూడా ఆయనే. అందులో మాయమ్మ రాయించింది ఎంతో, ఈయన కలిపింది ఎంతో నాకిప్పటికీ తెల్దు."

క్లాసు గొల్లుమంది. మేడమ్ కూడా నవ్వి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఎవరు దాదాజీ ఆ మహానుభావుడు?"

"ఈ గుంట తాతండి," అన్నాడు, నావైపు గొడుగు చూపించి.

నవ్వు ఆగింది. మేడమ్ కళ్ళద్దాలు మెల్లగా మళ్ళీ ముక్కు మీదికి ఎక్కాయి.

"మరి మీరెవరు?"

"నేనా? నేను పక్క దుకాణమండి మేడమ్‌జీ. ఈళ్ళ కొట్లో తాత స్టాకు లేదంట. అందుకని నన్నట్టుకొచ్చింది."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. నేను ఇంట్లో తాతని పెట్టుకుని బజారంతా తిరిగాను.

మేడమ్ నా కాగితాలు తీసి, పద్దెనిమిది కొట్టేసి, దాని పక్కన గుండ్రటి సున్నా చుట్టారు. అంత చక్కటి సున్నా నేనెక్కడా చూడలేదు. తర్వాత, "వారం రోజులిస్తున్నాను. ఈసారి అడిగి రాయి," అన్నారు.

తిరిగి వస్తూ ఆటోలో అడిగాను. "ఇన్నేళ్ళు పక్కనే ఉన్నావు, ఒక్కసారి కూడా చెప్పలేదేం తాతా?"

"నువ్వెప్పుడైనా అడిగినావేటి? కుక్కరు రబ్బరుందా అని అడిగినావు, ఉందని సెప్పినాను."

ఆ వారమంతా మధ్యాహ్నాలు ఆయన కుర్చీ పక్కన నా స్టూలు పడింది. నాన్నని కూడా అడిగాను. ఆయన గుడ్డ తాను చుడుతూ మొదలుపెట్టి, మధ్యలో చుట్టడం ఆపేసి, ఎదురుగా నిలబడ్డ బేరాన్ని కూడా మరచిపోయి చెప్పాడు. మా కొట్లో బేరం అలా పోవడం నేను చూడటం అదే మొదలు.

కొత్త అసైన్‌మెంటుకి పదమూడు వచ్చాయి.

"అబద్ధానికి పద్దెనిమిది, నిజానికి పదమూడేనా మేడమ్? పదిహేను చెయ్యండి."

"ఇది ఫిక్స్‌డ్ రేట్ దుకాణం," అన్నారు మేడమ్.

ఇక జాకెట్టు గుడ్డ. నాలుగో కొట్టు, నలభయ్యో కొట్టు చూసి, చివరికి పక్క ఊరు దుర్గ్ వెళ్ళి చిలకపచ్చ పట్టుకొచ్చాను. ఫాల్ కూడా నేనే ఇచ్చాను, బేరం లేకుండా. ఆ రోజు పొద్దున్నే కొట్లో మీటరు కడ్డీ మీద చెయ్యి వేసి, సూరన్న తాత సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో లేనిదాన్ని ఉందనను, రానిదాన్ని రేపొస్తుందనను.

సాయంత్రం అప్పలస్వామి తాత భార్య చీర, గుడ్డ రెండూ పట్టుకుని మా కొట్టుకి వచ్చింది. రెంటినీ ఎండలో పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"బాగుందమ్మా. ఒక్క పిసరు ముదురైనాది. ఇందులోనే కూసింత లేత రకముందేటి?"

"ఉంది మామ్మా," అన్నాను. "రేపొస్తాది."