టీచరమ్మ పార్టీలోకి తెచ్చిన హాజరు పట్టీ

నేను ఐదో తరగతి వరకే చదివాను. పెద్దేముల్ దగ్గర మా ఊరి బడిలో పన్నెండేళ్లు మధ్యాహ్న భోజనం వండాను. ఇప్పుడు మా జిల్లాలో ఒక పార్టీకి అధ్యక్షురాలిగా ఉన్న టీచరమ్మ అప్పుడు ఆ బడిలోనే పాఠాలు చెప్పేది. ఆమె అంత పైకి ఎట్లా వచ్చిందని ఊళ్లో తలా ఒక మాట అంటారు. దగ్గరుండి చూసినదాన్ని నేనే కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను. తప్పులుంటే టీచరమ్మ దిద్దుతుంది. ఆమెకు అది అలవాటే.

కంది కోతలు మొదలైతే బడి సగం ఖాళీ అయ్యేది. పిల్లలు తల్లిదండ్రుల వెంట చేన్లకు పోయేవాళ్లు. టీచరమ్మ పొద్దున హాజరు తీసుకుని, మధ్యాహ్నం మళ్లీ నా పొయ్యి దగ్గరికి వచ్చేది.

"అక్కా, ఇయ్యాల ఎన్ని ప్లేట్లు పెట్టినవ్?"

నా ప్లేట్లూ ఆమె హాజరూ ఒకటే కావాలి. సాయంత్రం బడి వదిలాక రాని పిల్లల ఇళ్లకు బయలుదేరేది. నన్ను వెంట తీసుకుపోయేది. ఏ ఇంటి కుక్క కరుస్తుందో నాకు తెలుసు కదా. ఆమె ఎవరినీ తిట్టేది కాదు. అరుగు మీద కూర్చుని, "పిల్ల ఎందుకు రాలే?" అని ఒక్క మాట అడిగేది. వాళ్లు చెప్పింది పట్టీలో పేరు పక్కన రాసుకునేది. జ్వరం. చెల్లెను ఎత్తుకోవాలి. చెప్పులు లేవు. చాలామంది పిల్లలు మర్నాడు వచ్చేవాళ్లు.

ఏడో తరగతి అయిపోయిన ఆడపిల్లల పేర్ల పక్కన మాత్రం ఎప్పుడూ ఒకటే రాయాల్సి వచ్చేది. బస్సు లేదు. పై చదువుకు తాండూరు పోవాలి. కిక్కిరిసిన షేర్ ఆటోల్లో పంపడానికి ఇళ్లలో ఒప్పుకునేవాళ్లు కాదు. టీచరమ్మ ఆ పట్టీ పట్టుకుని ఎన్ని ఆఫీసులు తిరిగిందో లెక్కలేదు. ఒకసారి వికారాబాద్‌కు నేనూ వెంట పోయాను. అక్కడ కూర్చున్న సారు కాగితం తిప్పి కూడా చూడలేదు.

"మేడం, మీరు పాఠాలు చెప్పుకోండ్రి. బస్సుల సంగతి చూసేటోళ్లు వేరే ఉన్నరు," అన్నాడు.

తిరిగి వస్తుంటే అనంతగిరి గుట్టలు దాటేదాకా ఆమె ఆ పట్టీలో పేర్లే చదువుకుంది. దాటాక అంది: "గా వేరేటోళ్లల్ల నేను గూడ ఉండాలె అక్కా."

రెండు నెలలకు ఉద్యోగానికి రాజీనామా చేసి పార్టీలో చేరింది. సర్కారు కొలువును అట్లా వదిలేవాళ్లను మా దిక్కు ఎవరూ చూడలేదు. పిచ్చి లేచిందన్నారు. నేను కూడా అదే అనుకున్నాను. అనుకుంటూనే, వంట పని మా తోటికోడలికి అప్పజెప్పి ఆమె వెంట పోయాను.

పార్టీలో ముందుగా మా మండలంలో ఆడవాళ్లను చేర్చే పని ఇచ్చారు. మొదటి మీటింగుకే కొత్త హాజరు పట్టీ కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టింది.

"నా రాత కోడి గీకినట్టుంటది టీచరమ్మా," అన్నాను.

"గీకింది కోడికి తెలిస్తె చాలు. రాయి."

రాశాను. పేరు, ఊరు, వచ్చారా లేదా. మీటింగుకు రానివాళ్ల ఇళ్లకు మర్నాడు మా పక్కింటి భాయ్ ఆటోలో పోయేవాళ్లం. కారణం అడిగి పేరు పక్కన రాసేవాళ్లం. భాయ్‌కు అది మస్తు నవ్వు.

"పాపం, బడి తప్పించుకున్నమని అనుకున్నరు గీ ఆడోళ్లు. పార్టీల గూడ పంతులమ్మ దొరికె," అనేవాడు.

మూడేళ్లు అట్లాగే నడిచింది. కోట్‌పల్లి దిక్కు ఊళ్లు కూడా పట్టీలోకి వచ్చాయి. అప్పుడు జిల్లా అధ్యక్ష పదవి ఖాళీ అయింది. ఇద్దరు అడిగారు. ఒకరు టీచరమ్మ. ఇంకొకాయనకు తాండూరులో బండల పాలిష్ మిషన్లు ఉన్నాయి. పార్టీలో ఆమె కన్నా పాత మనిషి.

"గీసారి కాకపోతె ఇగ మండలంలనే ఉండిపోత అక్కా. మండలపోళ్లు బస్సు అడిగితె ఎవలింటరు?" అంది టీచరమ్మ.

ఉద్యోగం వదిలింది ఆ బస్సు కోసమే. అందుకే నాకు ఫికర్ పట్టుకుంది.

హైదరాబాద్ నుంచి పార్టీ పెద్దమనిషి ఒకాయన వచ్చి ఇద్దరి బలం చూస్తాడన్నారు. ఇద్దరూ తమ సభ్యుల పుస్తకాలు తేవాలి. ముందు రోజు మా పట్టీ తిరగేశాను. ఎక్కడ చూసినా రాలేదు, రాలేదు అనే ఉంది. కంది కోతల నెలలో అయితే పేజీలో సగం.

"కొత్త పుస్తకంల అందరు వచ్చినట్టు రాసేస్త టీచరమ్మా. ఎవలికి తెలుస్తది?" అన్నాను.

"ఇరవై ప్లేట్లు పెట్టిననాడు నలభై అని చెప్పినవా నువ్వు?"

"లే."

"మరి?"

నేను పట్టీ మూసి సంచిలో పెట్టాను. కానీ ఆమె తన చేతులతో తనే పని చెడగొట్టుకుంటోందని లోపల గట్టిగా అనిపించింది.

వికారాబాద్‌లో ఫంక్షన్ హాలు నిండింది. తాండూరు ఆయన జీపుల్లో మనుషులను తెచ్చాడు. ఆయన పుస్తకం కొత్త అట్టతో మెరుస్తోంది. మూడేళ్లలో ఒక్కరు కూడా ఒక్క మీటింగు తప్పలేదు అందులో. పెద్దమనిషి మా పట్టీ తిప్పుతుంటే తాండూరు ఆయన మెడ చాచి చూశాడు.

"సార్, పంతులమ్మ తన మందిని తనే తక్కువ చేసి రాసుకొచ్చింది. బడి బుద్ధి పోలే," అన్నాడు.

హాలంతా నవ్వింది.

"రానోళ్లు రాలే సార్. అదే రాసినం," అంది టీచరమ్మ.

పెద్దమనిషి ఒక పేరు మీద వేలు పెట్టాడు. "కోట్‌పల్లి ఆవిడ మూడుసార్లు రాలేదు. పక్కన ఏదో రాశారు, చదవలేకపోతున్నాను. ఎవరు రాసింది?"

నేను లేచాను.

"నేనే సార్. మొదటిసారి నాట్లు. రెండోసారి బిడ్డ కాన్పు. మూడోసారి మా మీద కోపం."

"కోపమా?"

"పెనిమిటి ముందట గట్టిగ అడిగినం సార్. గది మా తప్పే. మళ్ల పోయి ఒప్పుకున్నం."

"ఆవిడ ఇవాళ వచ్చారా?"

వెనక వరుసలో ఆమె నిలబడింది. "వచ్చిన సార్. కోపమైన మాట నిజమే. ఇప్పుడు లేదు."

హాలు మళ్లీ నవ్వింది. ఈసారి పెద్దమనిషి కూడా నవ్వాడు. తర్వాత పెద్దమనిషే తాండూరు ఆయన తెచ్చిన పుస్తకం తెరిచి అందులోనూ ఒక పేరు మీద వేలు పెట్టాడు.

"ఈయనది ఏ ఊరు? ఏం పని చేస్తాడు?"

తాండూరు ఆయన అటూ ఇటూ చూశాడు. "గది... రాసినోడు ఇయ్యాల రాలే సార్," అన్నాడు.

వారానికి హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. టీచరమ్మ విని, పెట్టేసి, నా దిక్కు తిరిగింది.

"ఇంకో పట్టీ కొనాలె అక్కా. జిల్లా మొత్తం పట్టేటంత పెద్దది."

ఆమె అధ్యక్షురాలిగా పెట్టిన మొదటి మీటింగుకు తాండూరు ఆయన రాలేదు. మర్నాడు పొద్దున్నే భాయ్ ఆటోలో ఆయన దగ్గరికే పోయాం. మిషన్లు ఆపించి కుర్చీలు వేయించాడు. చాయ్ తెప్పించాడు.

"నిన్న ఎందుకు రాలే అన్నా?" అని అడిగింది టీచరమ్మ.

"పనుండె మేడం."

నేను పెన్ను తీశాను. ఆయన నా పెన్ను దిక్కు, ఆ పట్టీ దిక్కు కాసేపు చూశాడు.

"అలిగిన అని రాసుకో అమ్మా," అన్నాడు నాతో. "నిన్న బస్సు ముచ్చట పెట్టిన్రట గదా. డిపోల నాకు ఎరుకైనోళ్లున్నరు. ఎప్పుడు పోదామంటె అప్పుడు వస్త."

అలక అని రాశాను. ఆ తర్వాతి మీటింగుకు ఆయన అందరికన్నా ముందే వచ్చి కూర్చున్నాడు.

బస్సు ఇంకా రాలేదు. పెద్ద పట్టీలో అందరి పేర్లూ అయిపోయాక చివరి గీతలో తాండూరు బస్సు అని నేనే రాసి పెట్టాను. ప్రతి మీటింగుకూ దానికి రాలేదనే వేస్తున్నాను. కారణం దగ్గర ఖాళీ ఉంది. సోమవారం తాండూరు ఆయనతో కలిసి ముగ్గురం డిపోకు పోతున్నాం. అడిగి రాస్తాను.