ఆళ్లగడ్డ సంతలో నలభై పొట్లాలు

నంద్యాలలో పొద్దున ఏడు గంటల బస్సెక్కాను. ఆళ్లగడ్డకు టిక్కెట్టు పన్నెండణాలు. ఒళ్లో పది నెలల పాప, కాళ్ల దగ్గర సంచిలో నలభై పిండి పొట్లాలు. మొలకెత్తించిన రాగులు, పెసలు ఎండబెట్టి, వేయించి, విసిరి, బట్టలో జల్లించిన పిండి అది. వేడిపాలలో కలిపితే చాలు, పసిబిడ్డకు పెట్టవచ్చు. కాలేజీలో చదివిన పాఠాన్ని ఏడాదిగా తిరగలి దగ్గర సరిచూసుకుంటున్నాను. ఆళ్లగడ్డ కిరాణా శెట్టిగారు అంగట్లో పెట్టుకుంటే సరే, లేకపోతే ఇంతటితో మానెయ్యమని మా ఆయన ముందే చెప్పారు.

పాపకు పళ్లొస్తున్నాయి. వారం పాటు విరేచనాలై బాగా చిక్కిపోయింది. మూడు రోజులుగా ఏం పెట్టినా ఉమ్మేస్తోంది. ఇంట్లో వదలడానికి మనసు రాలేదు.

పక్కన కూర్చున్న రుద్రవరం పెద్దాయన సంచిలో ఏముందని అడిగాడు. చెప్పాను.

"దేవుళ్లనే రాతితో చేసి అమ్మే ఊరమ్మా అది. ఆడ పిండి అమ్మేకి పోతాండావా?" అన్నాడు.

నవ్వాను. అప్పటికింకా నవ్వు వస్తోంది.

తొమ్మిదింబావుకు దిగి, హోటల్లో రెండణాల బొరుగుల ఉగ్గాని తిన్నాను. కారం ఎక్కువ, పిల్లలతో వెళ్లేవారు ఇడ్లీ అడగడం మేలు. ఫ్లాస్కులో పాలు పోయించుకుని శెట్టిగారి అంగడికి వెళ్లాను. ఆయన పిండి నాలిక మీద వేసుకుని చూశారు.

"బాగుండాది. అయితే ఈడోళ్లకు తెలీని సరుకు నేనెట్ల పెట్టుకునేది? ముందు ఆడోళ్లు వచ్చి అడగల్ల."

ఆ రోజు సంత. రుచి చూస్తే వాళ్లే అడుగుతారనిపించింది. ఒక్క పొట్లం మాత్రం పాపకని ఉంచుకుని, అంగడి ఎదుటే నిలబడి, చంటిబిడ్డల తల్లులకు ఊరికే పంచాను. అరగంటలో సంచి ఖాళీ. నా తెలివికి నేనే మురిసిపోతూ ఉండగా ఒక ముసలమ్మ వచ్చింది.

"ఏం మొక్కు కూతురా?"

"మొక్కు కాదవ్వా, ఊరికే ఇస్తున్నా."

"ఊరికే ఎవరిస్తారే?" ఆమె పాప చెయ్యి పట్టుకుని చూసింది. "బిడ్డ ఎముకలు తేలిండాది. దీని జబ్బు మా బిడ్డలకు దింపేకి వచ్చినావా?"

కాదన్నాను. కాలేజీలో నేర్చుకున్నదంతా చెప్పాను. ఎవరూ వినలేదు. ఒక్కొక్కరే వచ్చి పొట్లాలు నా కాళ్ల దగ్గర పడేశారు. ఒకామె చేతులు మట్టితో రుద్దుకుంది. పాప బెదిరి ఏడుస్తోంది. ఏడ్చే నోట్లో రెండు పళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. వాటిని చూసినవారు లేరు.

శెట్టిగారు మెట్టు దిగి వచ్చారు.

"అర్ధణా అడిగింటే బేరమాడైనా కొనేవాళ్లు కదమ్మా. ఇంక నేను పెట్టినా ముట్టరు. ఆ పొట్లాలు ఈడ ఏసిపో, మా ఎనుము కుడితిలో కలుపుతాం."

బిడ్డనెత్తుకుని ఆ పొట్లాలన్నీ మళ్లీ ఏరి మోయలేక అక్కడే వదిలేశాను. కొత్త సరుకు తీసుకుని సంతకు వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. కొనేవారు ముందు మీ చేతిలోది చూడరు, మీ చంకలోది చూస్తారు. ధర చెప్పకుండా ఇచ్చినదానికి వాళ్లే ఒక ధర కట్టుకుంటారు.

మూడున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. శిరివెళ్ల దాటాక పాప ఆకలికి గుక్కపట్టింది. మిగిలిన పొట్లం విప్పి పాలలో కలిపి పెట్టాను. ఉమ్ముతుందనుకున్నాను. గిన్నె నాకింది.

పక్కన పిల్లవాణ్ణి ఎత్తుకున్న అమ్మాయి వంగి చూసింది. "ఏందక్కా అది? మా వాడు ఏం పెట్టినా తినడు. యాడ దొరుకుతాది?"

"ఎక్కడా దొరకదమ్మా." ఎలా చేయాలో చెప్పాను. నానబెట్టడం, మొలకలు, ఎండ, తిరగలి, జల్లెడ.

ఆమె మధ్యలోనే చెయ్యి ఊపింది. "అంత పని ఎవరు చేస్తారక్కా? ఎవరన్నా చేసి అమ్మితే దుడ్లిచ్చి తీసుకుంటాం గానీ."

పొట్లంలో అడుగున మిగిలిన పిండి ఆమెకిచ్చాను. రెండు చెంచాలుంటుంది. ఈసారి అర్ధణా అడిగి తీసుకున్నాను.