ఆకు తీసుకోని ఇల్లు

ఇరుళాయి నోటికి భయపడని మనిషి అరవనాట ఉన్న పీలమేడులో లేడు. మిల్లులో రీలింగు పని ఆమెది. నూలు చిలపలు చుట్టేటప్పుడు చేతులు ఎంత చురుకో, నోరూ అంత చురుకు. మేస్త్రీలు ఆ వరసలోకి రావాలంటే ముందు ఒకసారి గొంతు సవరించుకునేవారు. నిజానికి ఆమె ఎవరి జోలికీ పోయే మనిషి కాదు. పెద్దమనుషులమని చెప్పుకునే చేతకాని వాళ్లను చూస్తే మాత్రం ఆమెకు ఒళ్లు మండేది. అలాంటి వాళ్లకు ఆ ఊళ్లో ఏనాడూ కొదవ లేదు.

మిల్లు వెనక ఉన్న తెలుగు వీధి వాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. వేరే ఊరి తగాదాకు తమ మగవాళ్లు పోవలసి వస్తే, ఇల్లిల్లూ అడగకుండా ఎవరూ కదలకూడదు. వీధి పెద్ద సుడలై పళ్లెంలో తమలపాకులు, వక్కలు పెట్టుకుని ప్రతి గడపకూ వచ్చేవాడు. ఆ ఇంటి తల్లి ఆకు తీసుకుంటే కొడుకును పంపడానికి ఒప్పుకున్నట్టు, తీసుకోకపోతే లేదన్నట్టు. మూడిళ్లు వద్దంటే వీధి మొత్తం ఆగిపోవాలి. మరి తలుపు మూసుకుని పోయేవాళ్ల సంగతో? ఆకు వాళ్ల గడప మీద పెట్టి పోయేవారు. తీసుకున్నట్టే లెక్క. వీధిలో అందరికన్నా చులకన వాళ్లే. ఔననే దమ్మూ లేదు, కాదనే దమ్మూ లేదు.

కినత్తుకడవులో చుట్టాలు ఒక కొబ్బరితోట గొడవలో మనుషులు కావాలని కబురు పెట్టినప్పుడు సుడలై పళ్లెం పట్టుకుని వచ్చాడు. ఇరుళాయి ఆకు వంక చూడనైనా లేదు. "తోట వాళ్లది, కాయలు వాళ్లవి, తల మాత్రం నా కొడుకుదా?" అంది. ఆమెను చూసి మరో ఇద్దరు వద్దన్నారు. సుడలై ఏడాదిపాటు మొహం గంటు పెట్టుకుని తిరిగాడు గానీ, మనుషుల్ని పంపలేదు. చదువు లేని వీధికి ఆపాటి బుద్ధి ఉంది.

ఆమెకు ఒక్కడే కొడుకు, గోవిందన్. ఇరవయ్యేళ్ల వాడు మేస్త్రీతో మాటామాటా పెరిగి మిల్లు మానేసి, తోలుపని తెలిసినవాడు గనక గుర్రపు జీన్లు, బూట్లు కుట్టడానికి సైన్యంలో చేరాడు. "మన దేశంలోనే ఉండేది, సముద్రం దాటేది లేదు" అని చేర్చుకున్నవాడు ఒట్టేసి చెప్పాడు. ఏడాది తిరగకముందే, వెయ్యిన్నీ తొమ్మిదివందల ముప్పైతొమ్మిది ఆగస్టులో ఉత్తరం వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ చదివి పెట్టాడు. ఓడ ఎక్కిస్తున్నారట. సింగపూరు అంటున్నారట. ఎప్పుడు తిరిగొచ్చేదీ ఎవరూ చెప్పడం లేదట.

ఇరుళాయి ఏడవలేదు. ఆమెకు ఒకే ఒక్క సంగతి అంతుపట్టలేదు. తన ఇంటి ఆకు ఎవరు తీసుకున్నారు?

ఆలోచించగా ఆమెకు దురైసామి నాయుడు గుర్తొచ్చాడు. పొలాలూ, మిల్లులో వాటాలూ ఉన్న మనిషి. ఢిల్లీ శాసనసభకు ఓటు వేసే అర్హత ఆ చుట్టుపక్కల పదిమందికి ఉందో లేదో, అందులో ఆయన ఒకడు. ఆ ఓటును రెండో మీసంలా దువ్వుకుంటూ ఉండేవాడు. "ఢిల్లీకి మనిషిని పంపిన చెయ్యి ఇది" అని అరుగు మీద కూర్చుని కోతలు కోసేవాడు. ఇరుళాయి షిఫ్టు దిగి నేరుగా ఆయన ఇంటికి వెళ్లింది. అరుగు ఎక్కనివ్వరు కనక వాకిట్లో నిలబడింది.

"సామీ, మీరు డిల్లీకి ఒక మనిషిని పంపినారే, ఆయనకు ఒక కాయితం రాయాల."

"ఏమనే?"

"నా కొడుకును కప్పల్ ఎక్కిస్తా ఉండారంట. ఆకు వచ్చినప్పుడు తీసుకోవద్దని రాయండి."

నాయుడికి ముందు అర్థం కాలేదు. ఆమె వీధి కట్టుబాటు వివరించాక అర్థమై, బొజ్జ కదిలేట్టు నవ్వాడు. "పిచ్చిదానా! వైస్రాయి దొర ఎవుర్నీ అడగలే. అడిగే పని లే. పట్టాళం ఆయనది."

"అడగకుంటే ఆ సబై ఎందుకు సామీ?"

"మాట్లాడేదానికి."

"మనవాడు మాట్లాడినాడా?"

ఈ ప్రశ్నకు నాయుడు రొమ్ము విరిచాడు. "మాట్లాడేదేమి? సబైని అడగకుండా పట్టాళాన్ని పంపినారని మనవాళ్లంతా సబైకే పోలే! బహిష్కారం! పేపర్లో వచ్చింది, తెలుసునా?"

ఇరుళాయి ఆయన్ని కాసేపు ఎగాదిగా చూసింది. ఆమె మొహంలో దుఃఖం లేదు, అసహ్యం ఉంది. కొడుకును సముద్రం మీదికి తోసినవాడు తోశాడు, వాడు పరాయివాడు. వద్దని గట్టిగా అరవవలసిన వాళ్లు ఇళ్లలో కూర్చున్నారు. కూర్చుని దానికి ఒక గొప్ప పేరు పెట్టుకున్నారు. ఆ పేరు చెప్పి ఈయన ఆమెకే రొమ్ము చూపిస్తున్నాడు.

"అంటే తలుపు మూసుకోని పోయినారు," అంది. "మా వీదిలో అట్టాటోళ్ల గడపమీద ఆకు పెట్టేస్తారు సామీ. తీసుకున్నట్టే." తుపుక్కున వాకిట్లో ఉమ్మేసి వెళ్లిపోయింది.

నాయుడు ఆమెను పనిలోంచి తీయించాలని చూశాడు. కానీ యుద్ధం వచ్చి మిల్లుకు సైన్యం బట్టల ఆర్డర్లు కుమ్మరించింది. చెయ్యి తిరిగిన ఆడదాన్ని వదులుకునే తెలివితక్కువతనం మిల్లుకు లేదు. నాయుడి పత్తికి గిరాకీ పెరిగింది. ఆయన యుద్ధనిధి సంఘానికి అధ్యక్షుడై, మాలలు వేయించుకుని, వీరమాతల గురించి ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆ మాతల్లో ఒకతె తన మిల్లులోనే చిలపలు చుడుతోందని ఆయనకు గుర్తు లేదు, లేదా గుర్తుంచుకోదలచుకోలేదు.

సింగపూరు శత్రువుల చేతిలో పడిపోయిన తరవాత గోవిందన్ నుంచి ఉత్తరం రాలేదు. యుద్ధం ముగిశాక సైన్యం నుంచి ఒక కాగితం వచ్చింది. మనిషి కనబడలేదని, చనిపోయినట్టు భావిస్తున్నామని. ఒప్పుకున్నట్టు వేలిముద్ర వేయాలట. "వాళ్లు బావించుకోనీ, నా వేలు నాది," అని ఇరుళాయి ఆ కాగితం వెనక్కి పంపేసింది. ఆ రాత్రి మాత్రం ఆమె ఏడ్చింది. పక్కింటి వాళ్లు విన్నారు.

స్వాతంత్ర్యం వచ్చింది, అందరికీ ఓటు వచ్చింది. పేర్లు రాసుకునేవాడు వీధికి వచ్చి ఇంట్లో ఎందరని అడిగితే, ఇరుళాయి ఇద్దరని చెప్పి గోవిందన్ పేరూ రాయించింది. ఎన్నికల ముందు నాయుడు ఖద్దరు కట్టుకుని, చేతులు జోడించుకుని ఆమె గడపలోకి వచ్చాడు. ఆయన నోట 'ఏమే' పోయి 'అమ్మా' వచ్చింది.

"అమ్మా, మన మనిషికే ఓట్టు వేయాల."

"వేస్తాను. ఇంక పిల్లోళ్లను పరాయి సండకు, కొట్లాటకు పంపాలంటే సబైలో అడిగి పంపుతారా?"

నాయుడు కండువా సర్దుకున్నాడు. "ఇప్పుడు మన సర్కారు కదమ్మా. అడగకున్నా మన మేలుకే చేస్తారు."

"అడగాలని రాసుకోనుండారా, లేదా?"

"అట్టా రాసుకోలేదు గానీ..."

"పోండి," అంది ఇరుళాయి.

ఓటింగు రోజున బడిలో బూత్ పెట్టారు. నాయుడు తన అభ్యర్థి తరఫున బెంచీ మీద కూర్చున్నాడు. ఇరుళాయి వంతు వచ్చింది. అధికారి ఆమె పేరు చూసి కాగితం ఇచ్చి, జాబితాలో కింది పేరు చదివాడు. "గోవిందన్, వయసు ముప్పై నాలుగు. వస్తున్నాడా?"

ఆమె నోరు తెరిచేలోగా నాయుడు కలగజేసుకున్నాడు. "వాడు ఎప్పుడో చచ్చిపోయినాడు సార్, పేరు కొట్టేయండి."

ఇన్నేళ్లూ సామీ అన్న నోరు ఆ రోజు ఆ మాట అనలేదు.

"చచ్చిపోయినాడని నువ్వు చూసినావా?" అంది. ఆమె అధికారి వైపు తిరిగింది. "అయ్యా, వాణ్ణి పంపేటప్పుడు నన్ను ఎవురూ అడగలే. కొట్టేసేదానికి ఈయన్ను అడగతా ఉండారా? తీసుకోని పోయింది సర్కారు. సర్కారునే తీసుకోని వచ్చి ఈడ నిలబెట్టమనండి. వాడి ఓట్టు వాడే వేస్తాడు."

నాయుడు తల వంచుకుని బెంచీ మీదనుంచి లేచి బయటికి నడిచాడు. అధికారి గోవిందన్ పేరు మీద పెన్సిలు పెట్టి, గీత గీయకుండానే చెయ్యి తీసేశాడు.