పక్కపక్క సీట్లు

నా పెళ్లి దగ్గరపడుతున్నా, చిన్నాయనను పిలిచేది లేదని నాన్న మొండికేశాడు. నన్ను భుజాల మీద మోసి పెంచిన మనిషి లేకుండా నేను పీటల మీద ఎట్లా కూచోను? తడిసిన పత్తిని లారీకెక్కించి ఆదోని మార్కెట్టులో తన పేరు చెడగొట్టాడని నాన్న కోపం. చూసుకోక చేసిన పొరపాటు అది. చిన్నాయన ఎమ్మిగనూరుకు మకాం మార్చాక ఇద్దరికీ మాటల్లేవు.

ఇద్దరికీ కత్తియుద్ధాల సినిమాలంటే పిచ్చి. ఏదో పాత ఫ్రెంచి నవలను సినిమాగా తీశారు, తెలుగు డబ్బింగుతో ఆదోనికి వచ్చింది. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకుండా ఇద్దర్నీ మ్యాట్నీకి రప్పించి, పక్కపక్క సీట్లు తీశాను. కానీ కథేమిటో కనుక్కోలేదు, నా తెలివి తెల్లారినట్టే ఉంది! అందులో నమ్మిన స్నేహితుడే హీరోను జైల్లో వేయిస్తాడు.

చిన్నాయన వచ్చి కూచోగానే నాన్న లేవబోయాడు. ఇవతలి పక్కనుంచి చొక్కా పట్టుకుని ఆపాను. తెర మీద ఆ ద్రోహి నవ్వుతుంటే నాన్న గట్టిగానే అన్నాడు.

"నమ్మినోని గొంతు కోసేటోళ్లు యాడైనా ఉంటారు."

చిన్నాయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. ఇంటర్వెల్లో ఇద్దరూ కదల్లేదు. అనవసరంగా తెచ్చానని నన్ను నేనే తిట్టుకున్నాను.

చివరికి హీరో కత్తి ద్రోహి గొంతు మీద ఆనింది. హాలంతా ఈలలు.

"పొడువు!" అన్నాడు నాన్న.

అప్పుడు చిన్నాయన భుజం మీది తువ్వాలు తీసి నాన్న చేతి మీద కప్పాడు. దాని కిందికి తన చెయ్యి పోనిచ్చాడు. వాళ్లు వయసులో ఉన్నప్పుడు పత్తి బేరాలు ఇట్లాగే జరిగేవి. తువ్వాలు చాటున వేళ్లు నొక్కి ధర చెబుతారు, గిట్టకపోతే అవతలివాడు చెయ్యి విదిలించుకుంటాడు. నాన్న విదిలించుకుంటాడేమోనని నేను ఆ తువ్వాలు వైపే చూశాను.

"ఏమంటాండాడు నాయనా?" అన్నాను మెల్లగా.

"ఏమీ అనల్యా. సెయ్యి నా సేతిలో పెట్టి ఊరుకుండాడు. ధర నన్నే సెప్పమంటాండాడు."

సినిమా అయిపోయి లైట్లు వెలిగినా ఆ తువ్వాలు కదల్లేదు. బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను.

"అయితే చిన్నాయనను పెండ్లికి పిలుస్తావా?"

నాన్న కళ్లు తుడుచుకుంటూనే కసిరాడు.

"ఇంటోన్ని పిలిచేదేందిమే? వాకిట్లో నిలబడి అందర్నీ రాండి అనేదే వాడు."