బొగ్గులు నేనే ఇచ్చాను

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. దేవుడి ముందు కూడా దాన్ని దాటేసి మిగతావే చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మూడో తరగతితో నా చదువు ఆగింది. తప్పులుంటే సర్దుకొని చదవండి. రాతలో తప్పులనే అంటున్నాను. చేసినదాన్ని మీరు సర్దనక్కర్లేదు.

మాది సాతంరాయి, విమానాశ్రయం పక్క ఊరు. విమానాలు దిగడం మొదలైన కొత్తల్లో మా ఊళ్లో ప్రతి ఇంటికీ కిరాయిదార్లు వచ్చారు. గొడ్ల కొట్టానికి కూడా సున్నం వేసి మనుషులను పెట్టిన వాళ్లున్నారు. మా ఇంట్లో వడ్లు పోసుకునే అర్ర ఒకటి ఖాళీగా ఉండేది. కట్టినప్పుడు దానికి ఒక కిటికీ ఉండేది. పంపకాలయ్యాక ఆ కిటికీ అవతల స్థలం మరిదికి పోయింది. మా తోటికోడలు బాలమణికీ నాకూ మాటా మాటా పెరిగింది. ఆమె మొహం కనబడకూడదని మేస్త్రీని పిలిపించి ఆ కిటికీ సందును ఇటుకలతో మూయించాను. గది లోపలి వైపు టేకు కిటికీ రెక్కలు మాత్రం పీకించలేదు. మంచి చెక్క, పీకితే పాడైపోతుందని. మోసం చేయాలని ఉంచినవి కావు అవి. కానీ కిరాయికి ఇచ్చేటప్పుడు వాటి మీద ఒక పరదా వేలాడదీశాను. అప్పుడు నా మనసులో ఏముందో నాకు తెలియదంటే మీరు నమ్ముతారా? నేను నమ్మను.

ఆ గదిలోకి వచ్చింది సుగుణ. పాలమూరు వైపు మనిషి, ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి, ఒంటరిది. విమానాశ్రయంలో ఊడ్చి తుడిచే పని. రాత్రంతా డ్యూటీ, పగలు నిద్ర. "పగలు పండుకునేదానికి చీకటి గదే మంచిది" అని నేనే చెప్పి ఒప్పించాను. కిటికీ తెరవొద్దు, అవతలి వాళ్లతో మాకు పడదు అని కూడా చెప్పాను. సరే పెద్దమ్మా అంది. ఇంకో మాట అడగలేదు.

నేను ఎవరినీ ఊరికే మెచ్చుకోను. మా కోడళ్లను అడగండి, చెబుతారు. కానీ సుగుణను చూసి లోలోపల మెచ్చుకోని రోజు లేదు. షాంపూ పొట్లం అయిపోయాక కత్తిరించి నీళ్లు పోసి కడిగి వాడేది. ఆ పని నేను ఒక్కదాన్నే చేస్తాననుకునేదాన్ని అప్పటిదాకా. ఇస్త్రీ పెట్టె లేదు. చెంబులో మరిగే నీళ్లు పోసి యూనిఫాం మీద రుద్దేది, మడత కత్తిలా నిలబడేది. సూర్యుడు కనబడని గదిలో పడుకుని, అలారం లేకుండా, నెత్తి మీద పోయే విమానాల చప్పుడు లెక్కబెట్టి సరైన వేళకు లేచేది. ఎవరి దగ్గరా చేయి చాచేది కాదు. వాకిట్లో రాలిన కరివేపాకు రెబ్బ కూడా అడిగి తీసుకునేది. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఒక వానాకాలం ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎండ లేదు. సుగుణ యూనిఫాం ఆరలేదు. తడి బట్టలతో పోతే సూపర్‌వైజర్ వెనక్కి పంపిస్తాడట. పొద్దున డ్యూటీ నుంచి వచ్చి, ఏం చేయాలో తోచక బట్టలు పిండుకుంటూ నిలబడింది. మా ఇళ్లలో ముసురు రోజుల్లో ఒక పద్ధతి ఉంది. కుంపటిలో నిప్పులు వేసి, మీద వెదురు గంప బోర్లించి, గంప మీద తడి బట్టలు పరుస్తాం. పసిపిల్లల బట్టలు అట్లాగే ఆరబెట్టుకున్నాం అందరం. నేను నీళ్ల పొయ్యిలో మిగిలిన నిప్పులు ఎత్తి, ఇంకొన్ని బొగ్గులు వేసి, కుంపటి ఆమె గదిలోకి నా చేతులతో తెచ్చి పెట్టాను. ఊరికే ఆరిపోయే నిప్పులు, ఒకరికి పనికొస్తాయి కదా అనుకున్నాను. తలుపు దగ్గరికి వేసుకో, తేమ లోపలికి రాకుండా ఉంటుంది అని చెప్పింది కూడా నేనే. మేం ఆ పని ఎప్పుడూ వసారాలో చేసేవాళ్లం. గాలి తగిలే చోట. ఆ తేడా నాకు తట్టలేదు.

సాయంత్రం కంపెనీ బండి వచ్చి హారన్ కొట్టింది. సుగుణ రాలేదు. నేను పోయి తలుపు కొట్టాను. "ఏందే సుగుణా, బండోడు మొత్తుకుంటున్నడు, ఇంకా నిద్రనేనా?" అని కసిరాను. లోపల ఏదో పడిన చప్పుడు. తర్వాత గొళ్లెం గీసుకున్న చప్పుడు. తలుపు తెరుచుకుంది. ఆమె మోకాళ్ల మీద పాకుతూ వచ్చి నా కాళ్ల దగ్గర పడింది. నేను లోపల ఏముందో చూడబోయాను. నా చీర అంచు పట్టుకుని, "లోపలికి రాకు పెద్దమ్మా" అంది. ప్రాణం పోయేటట్టున్న మనిషి, ముందుగా నా గురించి ఆలోచించింది. ఆమె స్థానంలో నేనుంటే ఏమనేదాన్ని?

బండివాడే దవాఖానాకు తీసుకుపోయాడు. బొగ్గుల నుంచి వచ్చే విషపు గాలికి వాసన ఉండదు, గాలి ఆడని గదిలో నిద్రపోయిన వాళ్లు నిద్రలోనే పోతారు అని డాక్టర్ చెప్పాడట. ఇంకొంచెం సేపైతే దక్కేది కాదన్నాడట.

రెండో రోజు ఆమె తిరిగొచ్చి మా మంచం మీద కూర్చుని ఉండగా, సంగతి విని పంచాయతీ నుంచి ఒక సారు వచ్చాడు. ఇరుగుపొరుగు అంతా వాకిట్లో గుమిగూడారు. బాలమణి కూడా గోడ అవతల నుంచి మెడ సాచింది. "కాగితాల్లో ఇది సామాను గది అని ఉంది. గాలి వెలుతురు లేని గదిలో మనుషులను పెట్టొద్దని తెల్వదా? కిటికీ ఉందా అసలు?" అని అడిగాడు. నేను పరదా వైపు చూపించాను. ఉంది అన్నాను. తెరిచి చూపించమన్నాడు. మంచం మీద నుంచి సుగుణ అంది: "తెరుస్తది సార్. పగలు నిద్ర పట్టదని నేనే మూసుకున్న." ఆయన గడప దగ్గరి నుంచే తొంగిచూసి నమ్మాడు.

అంతటితో ఆగిపోయి ఉంటే బాగుండేది. ఆయన వెళ్లబోతూ, "బొగ్గులెవరిచ్చిన్రు?" అన్నాడు. నేను వెంటనే అన్నాను. "నన్ను అడగక తీసుకపోయింది సార్."

మొదటి అబద్ధం గది కోసం చెప్పాను. రెండోది ఎందుకు చెప్పాను? దానివల్ల నాకు కలిసొచ్చేది ఏమీ లేదు. నేనే ఇచ్చానంటే ఆయన రెండు మాటలు అని వెళ్లిపోయేవాడు. జీవితమంతా అందరికీ బుద్ధులు చెప్పిన మనిషిని, అందరి ముందు తెలివితక్కువదాన్ని అనిపించుకోవడం ఇష్టం లేకపోయింది. అంతే. ఆ ఒక్క మాటకు ఆమెను దొంగను చేశాను.

అందరూ వెళ్లాక అన్నం తీసుకుపోయాను. ఆమె తినలేదు.

"కిటికీ సంగతి ఎందుకట్ల చెప్పినవ్?" అన్నాను.

"మొదటి దినమే రెక్క తీసి చూసిన పెద్దమ్మా. ఇటుకలే కనపడ్డయి."

"తెల్సి కూడ ఉన్నవా?"

"ఒంటి ఆడది, రాత్రి పోయి పొద్దుగాల వస్తదంటే ఎవరిస్తరు రూం? నువ్విచ్చినవ్. సారు అది బంద్ పెడితే నేనేడ పండుకోవాలె? అది నా అవసరానికి చెప్పిన." కంచం పక్కకు జరిపింది. "గని బొగ్గుల మాట ఎందుకన్నవ్? అడగంది నీ ఇంట్ల అగ్గిపుల్ల ముట్టిన్నా నేను?"

చల్లారిపోతుంది తిను అన్నాను. పెద్దరికం అట్లా కాపాడుకున్నాను.

ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. "ఇగ గోడకు కంత పెట్టిపియ్యాలె" అంది. అవతలి వాళ్లను నేను అడగనన్నాను. నేనడుగుత అంది. అప్పుడే గోడ పట్టుకుని నడుస్తూ పోయింది. నేను ఇటు వైపు నిలబడి విన్నాను.

"అడగకుండ బొగ్గులు ఎత్తుకపోయేదానికి ఇప్పుడు కిటికీ కూడ కావాల్నా?" అంది బాలమణి.

సుగుణ నవ్వింది. "గాలి అడిగి తీసుకపోదామనే వచ్చిన చిన్నమ్మా!"

బాలమణికి కూడా నవ్వొచ్చింది. కిటికీకి ఇనుప జాలీ బిగించుకుంటే సరే అని ఒప్పుకుంది. ఏళ్ల తరబడి నేను దాటలేని గోడను ఆ పిల్ల ఒక నవ్వుతో దాటింది. నేనప్పుడు ఒక్క అడుగు ముందుకు వేసి, ఆమె కాదు నేనిచ్చాను అంటే సరిపోయేది. వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చేశాను. మేస్త్రీ ఇటుకలు తీసిన రోజు గదిలో వెలుతురు పడితే, ఇన్నాళ్లు ఆమె ఆ చీకట్లో నేలను ఎంత శుభ్రంగా ఉంచిందో కనబడింది.

కానీ ఆ మాట ఊళ్లో ఆగలేదు. ఆమె ఇంకో మంచి గది చూసుకోబోతే, బొగ్గులెత్తుకుపోయిన మనిషట అని రెండిళ్ల వాళ్లు తలుపేశారు. మా గదిలోనే ఇంకో ఏడాది ఉండి, కొత్తూరు ఫ్యాక్టరీలో పని దొరికితే వెళ్లిపోయింది. వెళ్లే ముందు గది అలికినట్టు తుడిచి, తాళం నా చేతిలో పెట్టి, కాళ్లకు దండం పెట్టింది. నేను దీవించాను. నాకు ఆ అర్హత ఉందా?

ఆమెను వెతికి పట్టుకుని క్షమించమని అడగొచ్చు. అడిగితే ఇట్టే క్షమిస్తుంది, నాకు తెలుసు. బతుకంతా చవకగా వచ్చిన దాన్ని వదులుకోలేదు నేను. ఆ క్షమను మాత్రం ఆమె దగ్గర అంత చవకగా తీసుకోను.

ఇది రాస్తుండగా బాలమణి వచ్చింది. ఇప్పుడు మాకు మాటలున్నాయి. ఏం రాస్తున్నవక్కా అని ఎదురుగా కూర్చుంది. టీ పోసిచ్చి, మొదటి నుంచి బొగ్గుల అబద్ధం దాకా చదివి వినిపించాను. ఆమె నా వైపు చాలాసేపు చూసింది. ఇట్టే క్షమించే రకం కాదు ఆమె. గ్లాసు ముట్టకుండా లేచి వెళ్లిపోయింది.

ఆ చల్లారిన టీ కూడా నేనే తాగాను. చాన్నాళ్లకు నా నోటికి రుచి తెలిసింది.