గవ్వల ఆట నేర్పిన మా టీచరమ్మ

మా టీచరమ్మ మంగళవారం సాయంత్రం చనిపోయినారు. ఆసుపత్రి వరండాలో, చెక్క బల్ల మీద. నేను పక్కనే ఉన్నాను. ఉండి ఏం చేసినావని అడగబాకండి. అది చెప్పలేకే ఇది రాస్తున్నాను.

మీలో ఎవరికీ ఆమె తెలియదు. అల్లూరుకు తూర్పున, సముద్రం పక్కన ఉప్పు మళ్లలో పనిచేసే మాకు తెలుసు. మిషను బడిలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి, రిటైరైనాక మా దగ్గరికి వచ్చినారు. మిట్టమధ్యాహ్నం ఉప్పు మడిలో కాలు పెట్టలేం, కళ్లు బైర్లు కమ్ముతాయి. ఆ గంటసేపూ తాటాకు పాకలో పడుంటాం. ఆ గంటే ఆమె బడి. బ్లాకు ఆఫీసు చుట్టూ తిరిగి పన్నెండు పలకలు తెచ్చినారు. పలకల కంటే ముందు ఆటలు తెచ్చినారు.

వలకు కట్టే బెండు ఒకటి మా చేతులు మారతా ఉండేది. ఆమె కళ్లు మూసుకుని సత్తు పళ్లెం వాయించేవారు. చప్పుడు ఆగేసరికి బెండు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు, అంతవరకు ఎవరూ చెప్పని మాట ఒకటి చెప్పి పలక మీద రాయాలి. చేపల పేర్లు అయిపోయినాక తిట్లు మొదలైనాయి. "తప్పుల్లేకుండా రాస్తే తిట్టయినా సరే" అనేవారు. ముసలోళ్లు కూడా పగలబడి నవ్వేవాళ్లు.

నాకు ఒళ్లు మండేది. బస్సు బోర్డులు, ఉప్పు మూటల మీది ముద్రలు చూసి నాకు నేనే చదువు నేర్చుకున్నవాణ్ణి. "తాగే నీళ్లకు గతి లేదు మాకు. మీరు బెండాట ఆడిస్తారా? మేమేమన్నా చిన్నపిల్లకాయలమా?" అని లేచినాను.

ఆమె పళ్లెం కింద పెట్టినారు. "నీ కోపం బాగుంది నాయనా. నీకేం కావాలో మాత్రం అందులో కనపడలా" అన్నారు.

మరునాడు గవ్వలు తెచ్చినారు. మనిషికి ఐదు, ఎవరివి వాళ్లు దాచుకోవాలి. ఉప్పు గంప బోర్లించి దాని మీద ఆమె ఆఫీసరై కూర్చున్నారు. ముడిచిన గొడుగు ఒళ్లో, మాట ముక్కుతో. ఎవరికేం కావాలో ఆ ఆఫీసరును సూటిగా అడగాలి. "సామీ" అన్నామా, చెయ్యి చాపుతారు. ఆ అరచేతిలో ఒక గవ్వ పెట్టాలి.

"ఎవరు నువ్వు? రేపు రాపో!"

"రేపు ఎట్టొచ్చేది సామీ?" అనింది మాలో పెద్దదైన కోటమ్మక్క.

టీచరమ్మ చెయ్యి చాపినారు.

"అయ్యో, సామీ అనకూడదంటిరి గదా సామీ!"

రెండో గవ్వా పోయింది. కోటమ్మక్క నాలిక కరుచుకుని, "ఇది నా నోరు కాదమ్మా, మా అమ్మ నోరు" అనింది. పాకంతా నవ్వింది. టీచరమ్మ నవ్వలా. లేచి, కోటమ్మక్కను ఆ గంప మీద కూర్చోబెట్టినారు. "ఇప్పుడు నువ్వు ఆఫీసరు. నేను అడుగుతా" అన్నారు.

"అడిగేది ముందు చెప్పండి. దణ్ణం ఎప్పుడైనా పెట్టుకోవచ్చు." ఈ మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో.

ఏడాది పాటు నేను ఒక్క గవ్వా పోగొట్టుకోలా. ఎండాకాలంలో మేస్త్రీకి ఎదురు నిలబడి, "రేపటినుంచి పాకలో రెండు కుండల మంచినీళ్లు ఉండాలి" అన్నాను. అంతే అన్నాను. మూడో రోజు ఒక కుండ వచ్చింది. టీచరమ్మ ఆ నీళ్లు తాగి, "ఇంకో కుండ రావాలి. మళ్లీ అడుగు" అన్నారు. మాట సరిగ్గా అడిగితే ఏదైనా జరుగుతుందని ఆ రోజు నమ్మినాను.

మంగళవారం పళ్లెం చప్పుడు ఆగింది. బెండు నా చేతిలో ఉంది. ఆటే అనుకుని మాట చెప్పినాను, పలక మీద రాస్తా కూడా ఉన్నాను. తలెత్తి చూస్తే ఆమె గుండె పట్టుకుని పక్కకు ఒరిగి ఉన్నారు.

బండి, బస్సు, ఆసుపత్రి. రిజిస్టరు ముందు కూర్చున్న ఆయనతో చెప్పినాను: "మా టీచరమ్మకు గుండెనొప్పి. ఊపిరి అందడం లేదు. డాక్టరును ఇప్పుడే పిలవండి." ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"కూర్చో. పిలుస్తారు."

మళ్లీ అదే చెప్పినాను. ఆయన తలెత్తలా. మూడోసారికి వంగి ఆయన కాళ్లు పట్టుకున్నాను. "సామీ, సామీ, మీకు దణ్ణం పెడతా సామీ." ఎన్నిసార్లు అన్నానో.

"ఉండేది ఒక్క డాక్టరయ్యా. లోపల ఆపరేషన్‌లో ఉన్నాడు. నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు. ఆయన కళ్లల్లోనూ నీళ్లే. కొడదామన్నా మనిషి లేకపోయినాడు నాకు.

వెనక్కి తిరిగితే, బల్ల మీద ఆమె చెయ్యి చాపి ఉన్నారు, అరచెయ్యి పైకి. నా మాటలన్నీ వినపడే దూరమే అది. గవ్వ కోసమో, నీళ్ల కోసమో, నా చెయ్యి కోసమో నాకు తెలియలా. జేబులో ఐదు గవ్వలూ ఉన్నాయి. ఒకటి తీసి పెట్టినాను. వేళ్లు మూసుకోలా.

డాక్టరు వచ్చి ఆ చెయ్యి పట్టుకుని చూసేదాకా గవ్వ అట్టాగే ఉండింది, అరచేతి మధ్యలో, తెల్లగా.